మా ఊరి కింద చిత్తడి

పోయిన సెమ్‌లో క్లబ్ ఫాంటసీ కథల పోటీ పెడితే నేనూ ఒకటి మొదలుపెట్టాను. చిత్తడి నేలలో ఒక ఊరు. దాన్ని ఎవరు కట్టారు, ఎందుకు మునిగింది అని చరిత్ర రాయాలి. రెండు పేజీలకే ఆగిపోయాను. ఫోన్‌లో బాపుకు చెప్తే నవ్విండు. "చిత్తడి కోసం ఎక్కడికో పోవుడెందుకురా, మన బాయిల ఉన్నది అదే గదా" అన్నడు. బాపు గోదావరిఖనిలో అండర్‌గ్రౌండ్ పంపు ఆపరేటర్. (మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటారు.)

కథ పక్కన పెట్టి చదివితే, ఆయన అన్నది నిజమే.

సుమారు 28 కోట్ల ఏళ్ల కింద ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ కలిసి ఒకే ఖండం. పేరు గోండ్వానా. మన గోండుల పేరు మీదే పెట్టారు. మంచు కరిగి వెనక్కి పోయాక, మెల్లగా కుంగుతున్న ప్రాణహిత-గోదావరి లోయలో నీళ్లు నిలిచాయి, అడవి పెరిగింది. అందులో ఎక్కువగా గ్లోసాప్టెరిస్ చెట్లు, నాలుకలాంటి ఆకులు. పువ్వుల్లేవు, పిట్టల్లేవు, డైనోసార్లు ఇంకా పుట్టనే లేదు.

చెట్టు మామూలు నేల మీద పడితే కుళ్లిపోతుంది. నిలవ నీళ్లలో పడితే ఆక్సిజన్ అందదు కాబట్టి పూర్తిగా కుళ్లదు, పీట్‌గా పేరుకుంటుంది. లోయ కుంగినప్పుడు నదులు దాని మీద ఇసుక పరిచాయి. మళ్లీ చిత్తడి, మళ్లీ ఇసుక. ఆ బరువుకీ వేడికీ పీట్ బొగ్గయింది. మా బాయిల్లో సీములకు పైనుంచి కిందికి నంబర్లు ఇస్తారు. అంటే నాలుగో సీము ఒకటో సీము కంటే పాత చిత్తడి.

1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం గుడారం దగ్గర దాదాపు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో ఉన్నది ఇదే గ్లోసాప్టెరిస్ ఆకు. అంటార్కిటికాలోనూ మా బాయి అడవే!

ఇక మనుషుల ఊరు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీ పేరయింది. తర్వాత తవ్వకం గోదావరి ఒడ్డున మా వైపు వచ్చింది. తట్టా చెమ్మాసు పట్టుకొని చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చారు, మా తాత కూడా. ఊరి పేరులోనే ఖని ఉంది. బొగ్గు తీసిన ఖాళీల్లో చాలాచోట్ల గోదావరి ఇసుకే నింపారు. అప్పుడు నది చేసిన పనే ఇది కూడా.

బాయిలో ఊట ఆగదు. "పంపులు బంద్ చేసి చూడు, నీ చిత్తడి మళ్ల వస్తది" అంటడు బాపు. పని అయిపోయిన బాయిలు అట్లే నీళ్లతో నిండుతాయి.

వచ్చే ఏడాది బాపు రిటైర్ అయితడు. క్వార్టర్ ఖాళీ చేయాలి. తాత ఊర్లో ఇల్లు లేదు, ఇక్కడ జాగా లేదు. ఎక్కడికి పోవాలో ఇంట్లో ఇంకా తేలలేదు. నేను చదివేది మైనింగ్ కాదు, కంప్యూటర్స్.

పోటీ గడువు ఎప్పుడో అయిపోయింది. మీ ఊరి కింద ఏముందో మీరూ ఒకసారి ఇంట్లో అడగండి.