తీతువు పిట్టా, విమానమూ

పిల్లలూ! హైదరాబాదులో విమానం ఎక్కాలన్నా, ఎక్కే చుట్టాలను సాగనంపాలన్నా శంషాబాదు వెళ్ళవలసిందే. అక్కడి విమానాశ్రయం 2008 మార్చిలో పనిచేయటం ఆరంభించింది. అక్కడికి వెళ్ళినవారంతా తలలెత్తి విమానాలకేసి చూస్తారు. కాని ఆ చుట్టుపక్కల నేలమీదికి కూడా ఒకసారి చూడండి. ఈ విమానాలు రాకముందునుంచీ అక్కడ కాపురముంటున్న పిట్ట ఒకటి మీకు కనిపించవచ్చు. దాని పేరు తీతువు.

శంషాబాదు చుట్టూ రాతి గుండ్లూ, గడ్డి బీళ్ళూ, మెట్ట చేలూ, చెరువులూ ఉన్నాయి. హిమాయత్ సాగర్ కూడా దగ్గరలోనే ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది మంది ప్రాణాలు తీసింది. మళ్ళీ అలాంటి ఆపద రాకుండా కట్టిన రెండు జలాశయాలలో హిమాయత్ సాగర్ ఒకటి. ఇది 1927లో పూర్తి అయింది. మనుషులకోసం నిలిపిన ఆ నీళ్ళు పక్షులకు కూడా ఆశ్రయమైనాయి. చలికాలంలో హిమాలయాల అవతలినుంచి కూడా బాతులు హైదరాబాదు పరిసరాలకు వచ్చి, ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్ళిపోతాయి.

తీతువు మాత్రం ఎక్కడికీ పోదు. అది పావురమంత ఉంటుంది గాని, కాళ్ళు పొడుగు. ఆ కాళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి. తలా, గొంతూ, రొమ్మూ నలుపు. ముక్కు ఎరుపు, దాని కొన నలుపు. కళ్ళ ముందు ఎర్రని తోలు మడత ఒకటి ఉంటుంది. దాన్నిబట్టి మీరు తీతువును ఇట్టే గుర్తుపట్టవచ్చు.

వేసవి మొదట్లో ఒకనాటి పొద్దున పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీరు ఒక బీటిలో నడుస్తున్నారనుకోండి. ఉన్నట్టుండి ఒక తీతువు గట్టిగా అరుస్తూ మీ తలల మీదుగా తిరుగుతుంది. మీరు ముందుకు పోయినకొద్దీ దాని అరుపులు ఎక్కువవుతాయి. ఒక్కొక్కసారి అది కొంతదూరంలో వాలి, దెబ్బతిన్నదానిలాగా రెక్క ఈడ్చుకుంటూ పోతుంది. “పాపం, దెబ్బ తగిలింది!” అని మీరు దాని వెంట పడ్డారో, మోసపోయారన్నమాటే! మిమ్మల్ని తగినంత దూరం తీసుకుపోయి అది హాయిగా ఎగిరిపోతుంది.

ఇంతకూ అది చేసిన పనేమిటి? తన గుడ్లను కాపాడుకున్నది. తీతువు చెట్టుమీద గూడు కట్టదు. నేలమీద చిన్న గుంట చేసి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవి మట్టిరంగులో నల్లని మచ్చలతో ఉండటంచేత, చుట్టూ ఉన్న రాళ్ళలో కలిసిపోతాయి. చూడకుండా అడుగు వేస్తే నాలుగూ చితికిపోవచ్చు. అందుచేత తీతువు అరవటం మొదలుపెడితే మీరు ఆగి, నేలను చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కు వెళ్ళాలి.

ఎండ తీవ్రమైనప్పుడు ఈ పిట్ట నీళ్ళ దగ్గరకు పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. ఆ తడితో గుడ్లు చల్లబడతాయి.

రాత్రివేళ తీతువు కూస్తే కీడు జరుగుతుందని కొందరు భయపడతారు. నిజానికి నక్కో, కుక్కో, మనిషో తన గుడ్లవైపు వస్తున్నట్టు తెలిసి అది కేకలు పెడుతుంది. కీడు భయం దానిదే గాని మనది కాదు! పంచతంత్రంలో సముద్రం గుడ్లను ఎత్తుకుపోతే దానితోనే పోరుకు సిద్ధపడిన పిట్ట కథ మీరు వినే ఉంటారు. అందులోని టిట్టిభం ఈ తీతువే. అది నేలమీద గుడ్లు పెడుతుందని ఆ కథ చెప్పినవారికి కూడా తెలుసునన్నమాట.

ఇక అసలు చిక్కు వినండి. తీతువుకు ఎలాంటి నేల ఇష్టమో, విమానానికి కూడా అలాంటి నేలే కావాలి. రెండింటికీ చెట్లు లేని, చదునైన, విశాలమైన మైదానం కావాలి. శంషాబాదులో రన్‌వే పొడుగు 4 కిలోమీటర్లకు పైనే. రన్‌వే పక్కన గడ్డి, గడ్డిలో పురుగులు. వాటికోసం తీతువులు చేరతాయి. వానాకాలంలో పురుగులు ఎక్కువవుతాయి గనక పక్షులు కూడా ఎక్కువవుతాయి.

చిన్న పిట్ట అంత పెద్ద విమానాన్ని ఏం చేస్తుందని మీరు అడగవచ్చు. విమానం నేల విడిచేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో పోతూంటుంది. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. విమానాన్ని కనిపెట్టిన రైట్ సోదరులలో ఆర్విల్ రైట్ నడిపే విమానానికి 1905లోనే ఒక పక్షి తగిలింది. 2009 జనవరి 15న అమెరికాలోని న్యూయార్కులో పెద్ద బాతుల గుంపు తగిలి ఒక విమానానికి రెండు ఇంజన్లూ దెబ్బతిన్నాయి. పైలట్ దాన్ని హడ్సన్ నదిమీద దించాడు. అందులోని 155 మందీ బతికారు. బాతులు మాత్రం బతకలేదు.

అయితే పక్షులన్నిటినీ చంపెయ్యటం ఉపాయం కాదు. తిండి ఉన్నంతకాలం ఒకటి పోతే మరొకటి వస్తుంది. అందుకే విమానాశ్రయాలవారు పక్షుల అలవాట్లు తెలుసుకుంటారు. గడ్డిని తగిన ఎత్తులో ఉంచుతారు, పురుగులను తగ్గిస్తారు, నీరు నిలవనివ్వరు, పెద్ద చప్పుళ్ళు చేసి పిట్టలను తోలుతారు.

కాని వారి చేతిలో లేని పని ఒకటున్నది. కంచె బయట ఎవరో మాంసపు తుక్కూ, ఎంగిలి అన్నమూ పారేస్తే గద్దలు వచ్చి ఆకాశంలో గిరికీలు కొడతాయి. అవి తిరిగేచోటనే విమానాలు దిగుతూంటాయి. అందుకే మన దేశంలో విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల మేర జంతువులను వధించటమూ, చెత్త పోయటమూ నిషేధించే అధికారం చట్టంలో ఉన్నది. దారిలో కారు ఆపి భోజనం చేసి, విస్తళ్ళు బయట పారేసేవారికి ఈ సంగతి మీరే చెప్పాలి.

పక్షులను తెలుసుకోవటానికి తుపాకీ అక్కరలేదు; ఓపిక ఉంటే చాలు. 1931లో సలీం అలీ అనే పక్షి శాస్త్రవేత్త హైదరాబాదు సంస్థానంలోని పక్షులను పరిశీలించటం ఆరంభించాడు. ఆయన రాసిపెట్టటం చేతనే ఆనాడు ఇక్కడ ఏయే పక్షులుండేవో మనకు తెలిసింది. మీరు కూడా ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, వేళ, చోటు, పక్షి పేరు, ఎన్ని కనిపించినదీ రాసుకోండి. పేరు తెలియకపోతే దాని రంగూ, ముక్కూ, కాళ్ళూ ఎలా ఉన్నాయో రాయండి.

శంషాబాదు చుట్టూ బీళ్ళు ఏటేటా ఇళ్ళ స్థలాలవుతున్నాయి. ఈ ఏడు తీతువు గుడ్లు పెట్టిన చోట వచ్చే ఏడు ఏముంటుందో! ఆ సంగతి మీ నోటుపుస్తకమే చెప్పాలి.