పోలిగాడు, బంగారక్క: తెర ముందూ వెనకా ఆలుమగలే

జుట్టుపోలిగాడు, బంగారక్క తోలుబొమ్మలాటలో మొగుడూ పెళ్లాలు. వాల్మీకికీ వ్యాసుడికీ వీళ్లు తెలియదు. అయినా వీళ్లు లేకుండా ఆట నడవదు. అశోకవనంలో సీతమ్మ ఏడుస్తుండగానే తెర మీదికి దూరి, కాపురంలోని రచ్చంతా జనం ముందు పెడతారు. మధ్యలో వేలు పెట్టడానికి మరో హాస్యగాడు కేతిగాడు ఉండనే ఉన్నాడు.

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో బొమ్మలాట కులవృత్తి. ఇంట్లో ఒకరకం మరాఠీ, తెర వెనక తెలుగు. మేళమంటే దాదాపు ఒకే కుటుంబం: మగవాళ్లు బొమ్మలాడిస్తే ఆడవాళ్లు పాడుతూ స్త్రీ పాత్రలకు మాట అందిస్తారు. అందువల్ల పోలిగాడి గొంతు మొగుడిది, బంగారక్క గొంతు పెళ్లానిది కావడం మామూలే. సరిహద్దు దాటితే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. కర్ణాటకలో బంగారక్క మొగుడు కిళ్ళేక్యాత. బొమ్మలాడించే కులానికీ అదే పేరు. ఊరు నవ్వే కోణంగి పేరునే తమ పేరుగా మోయడానికి గుండె ధైర్యం కావాలి.

రాముడు, రావణుడు నిలువెత్తు బొమ్మలు. నడక నిదానం, మాట పద్యం. పోలిగాడు పొట్టివాడు, నల్లవాడు, బొజ్జ, నెత్తిన పిలక. కీళ్లు వదులుగా ఉండటంతో ఒళ్లంతా ఊగిపోతుంది. బంగారక్క “యాడ సచ్చినావురా” అంటూ వచ్చి ఒక్కటి అంటించగానే, ఆడించేవాడు కాలి కింది చెక్కను ధన్‌మని తొక్కుతాడు. దెబ్బ చెవికి తగులుతుంది. భాష అచ్చం అనంతపురం యాస. ఆట పెట్టించిన పెద్దమనిషిని, ఊళ్లో పిసినారిని ఆ జంట పేరు పెట్టి ఆటపట్టించినా ఎవరూ తప్పు పట్టరు.

ఇలాగే అమెరికాలో నిజంగానే ఆలుమగలైన హాస్యజంట జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ 1950 నుంచి 1958 దాకా టీవీలో తమ పేర్లతోనే, మొగుడూ పెళ్లాలుగానే నటించారు. బర్న్స్ కథ ఆపి, నేరుగా ప్రేక్షకులతో మాట్లాడేవాడు. పోలిగాడు చేసేదీ అదే. కాకపోతే అతనికి రాతప్రతి ఉండదు, ఆ పూట ఊరే సరుకు.

హిందూపురం దగ్గరి లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలకూ ఈ బొమ్మలకూ పోలిక ఉందంటారు. ఆ గౌరవం దేవుళ్ల బొమ్మలదే. హాస్యపు జంట బతికింది పల్లెల్లో. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం ఆడించే ఆచారం ఉన్న ఈ కరువు సీమలో, తెల్లవార్లూ సాగే ఆటలో జనాన్ని నిద్రపోనివ్వకుండా కాచింది వీళ్లే.

సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా ఆడే ఆటలు అరుదైపోయాయి. నిమ్మలకుంట చేతులు ఇప్పుడు ఎక్కువగా మేకతోలు మీద దీపాల గొడుగులు, గోడబొమ్మలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కొనేవాళ్లు అడిగేది రాముణ్నీ హనుమంతుణ్నీ. పోలిగాణ్ని అడిగేవాళ్లు తక్కువ.