శబరి పక్కన సైకిల్ మీద ఒక రోజు

సెలవు రోజున నలుగురు మిత్రులు కలిసి కొండల్లో సైకిల్ తొక్కాలనుకుంటే ముందు అరకు, మారేడుమిల్లి గుర్తొస్తాయి. దోర్నపాల్ పేరు ఎవరి నోటా రాదు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న చిన్న పట్టణం ఇది. జగ్దల్‌పూర్ నుంచి భద్రాచలం వైపు వచ్చే వాహనాలన్నీ దీని మీదుగానే వస్తాయి. ఇక్కడి నుంచి కోంటా మీదుగా చింతూరు యాభై కిలోమీటర్ల పైచిలుకు. తొక్కడం అలవాటున్నవారికి ఒక పగటి ప్రయాణం.

దారి ఎలా ఉంటుంది?

ఇది పెద్ద ఘాట్ రోడ్డు కాదు. కొంత ఎక్కుడు, కొంత దిగుడుగా సాగే అడవి నేల. రోడ్డుకు తూర్పున శబరి నది. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టి, ఇక్కడ రెండు రాష్ట్రాలకు సరిహద్దుగా పారి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. నది దక్షిణానికి పారుతుంది కాబట్టి దోర్నపాల్ నుంచి చింతూరుకు తొక్కడమే తేలిక. ఎదురు దిశలో వస్తే మొత్తం మీద ఎక్కుడే.

దారి పొడవునా ఇప్ప, తునికి, మద్ది, తాటిచెట్లు. ఎర్రబోరు దాటాక కోంటా వస్తుంది. మనవాళ్లు కుంట అంటారు. ఆవలి ఒడ్డున ఒడిశా చిట్టచివరి ఊరు మోటు. సీలేరు వచ్చి శబరిలో కలిసేది అక్కడే. దోర్నపాల్‌లో హిందీతో మొదలైన పలకరింపులు ఇక్కడికొచ్చేసరికి తెలుగులోకి మారతాయి. ఈ ప్రాంతపు దోర్లల మాట గోండి కుటుంబానిదే అయినా అందులో తెలుగు పదాలు చాలా ఉంటాయి. 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారిన మండలాల్లో ఒకటైన చింతూరు చేరేసరికి తూర్పు కనుమలు దగ్గరవుతాయి. అసలు ఘాట్ అక్కడి నుంచి మారేడుమిల్లి వైపు మొదలవుతుంది. దాన్ని అదే రోజు పెట్టుకోకండి.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి చివర్లో అయితే తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకునేవాళ్లు కనిపిస్తారు, కానీ పది దాటితే ఎండ భరించలేం. వానాకాలం అసలు వద్దు. గోదావరి పోటెత్తితే శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు చింతూరు, కోంటా ప్రాంతాలు నీట మునిగాయి.

ఎలా తొక్కాలి?

ఎక్కుడు మొదలయ్యే ముందే తేలిక గేరుకు మార్చుకోవాలి. బరువు గేరులో నెమ్మదిగా తొక్కితే భారమంతా మోకాళ్ల మీద, తొడల మీద పడుతుంది. తేలిక గేరులో చకచకా తొక్కితే ఆ పని గుండె, ఊపిరితిత్తులు పంచుకుంటాయి. కాసేపు ఆగితే ఆయాసం తీరుతుంది కానీ, పట్టేసిన కాలు అంత త్వరగా కోలుకోదు. దిగుడులో బ్రేకు పట్టుకునే ఉండకుండా, వదిలి వదిలి నొక్కండి.

దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అర లీటరుకు తగ్గకుండా నీళ్లు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఓఆర్‌ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ తీసుకోవాలి. జట్టులో అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారిని ముందుంచండి. వెనక ఉంచితే మిగతావాళ్లు ఆగి విశ్రాంతి తీసుకుంటారు, ఆయన చేరుకోగానే అందరూ బయలుదేరతారు. ఆయనకు మాత్రం విశ్రాంతే దొరకదు. లారీలు తిరిగే రోడ్డు కనుక ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. అదనపు ట్యూబు, పంపు తప్పనిసరి.

జాగ్రత్తలు

పత్రికలు చదివేవారికి ఈ పేర్లు మరోలా గుర్తుంటాయి. సల్వాజుడుం కాలంలో దోర్నపాల్‌లో పెద్ద శిబిరం నడిచింది. ఊళ్లు వదిలిన కుటుంబాలు ఎన్నో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి బయలుదేరే ముందు స్థానిక పోలీసులను అడిగి తెలుసుకోండి. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. వెలుతురు ఉండగానే చేరుకోండి. తారురోడ్డు దిగి అడవి బాటల్లోకి వెళ్లకండి. భద్రతా శిబిరాలను ఫొటో తీయకండి. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతం కనుక దోమల నుంచి కాపాడుకోండి. తిరిగి వచ్చాక జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి.

ఆ యాభై కిలోమీటర్లు

దోర్నపాల్ నుంచి మరో రోడ్డు పడమటగా జగర్‌గుండకు వెళుతుంది. అదీ యాభై కిలోమీటర్ల పైనే. జగర్‌గుండలోని గ్రామీణ బ్యాంకు శాఖ 2001లో మావోయిస్టుల దాడి తర్వాత మూతపడింది. మళ్లీ అక్కడ బ్యాంకు తెరుచుకున్నది 2025 మేలో, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖతో. మధ్యలో 24 ఏళ్లు. అన్నాళ్లూ అక్కడివారికి బ్యాంకు పని పడితే దోర్నపాల్ లాంటి దూరపు ఊరికి రావలసిందే. ఆ రోడ్డు చాలా కాలం రాకపోకలకే వీలు లేకుండా ఉండేది.

మనం సరదాగా ఒక పగలంతా తొక్కే దూరం వాళ్లకు పింఛను తీసుకోవడానికి వచ్చే దూరం. వాళ్లకు గేర్లు లేవు, ఓఆర్‌ఎస్ లేదు, తిరుగు ప్రయాణానికి మాట్లాడి పెట్టుకున్న జీపూ లేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇస్తున్నదీ ఇలాంటి దూరాల వల్లే. బడి దూరమైతే ముందు చదువు మానేది ఆడపిల్లే.

చింతూరులో సైకిల్ దిగాక తొడలు రెండు రోజులు నొప్పి పెడతాయి. సోమవారం కౌంటరులో కూర్చున్నప్పుడు ఆ నొప్పి కాస్త మిగిలే ఉంటుంది. ఎదురుగా ఉన్న ఖాతాదారుకు ఒక కాగితం తక్కువైందని రేపు రమ్మనే ముందు, ఏ ఊరి నుంచి వచ్చారో ఒక్క మాట అడుగుదాం. కావలసిన కాగితాలన్నీ ఒకేసారి రాసిచ్చి పంపుదాం.