గూడు బండి

ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చి కారు దిగగానే మా మామయ్యగారి చూపు ఇంటి ముందున్న పికప్ ట్రక్కు మీద పడింది. ఒక రోజంతా విమానాల్లో కూర్చుని వచ్చిన మనిషి, లోపలికి రాకుండా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమ్మా, గూడు బండి కట్టించారే!" అన్నారు.

ఆయనది నరసరావుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్లకు ఎడ్లబండికి వెదురు బద్దలు వంచి కట్టి, పైన ఈతచాప కప్పి, కింద ఎండుగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసుకుని వెళ్లిన తరం. డెన్వర్ శివారులో మా ఇంటి ముందున్నదాన్ని చూసి ఆయనకు ఆ మాటే రావడంలో వింతేమీ లేదు. అమెరికాలో దీనికి చోటుకో పేరు. పడమటి రాష్ట్రాల్లో క్యాంపర్ షెల్ అంటారు, మిడ్‌వెస్ట్‌లో టాపర్ అంటారు, అమ్మే దుకాణంలో ట్రక్ క్యాప్ అంటారు. నాకు మాత్రం గూడే నచ్చింది. పికప్ వెనక తొట్టి మీద బోర్లించి బిగించే గట్టి కప్పు ఇది. పక్కల అద్దాలుంటాయి, వెనక పైకి లేచే అద్దం తలుపు ఉంటుంది. సామాను తడవదు, దొంగ చెయ్యి పడదు, రాత్రయితే అందులోనే పడుకోవచ్చు. ఇక్కడి నేషనల్ ఫారెస్ట్ భూముల్లో చాలాచోట్ల డబ్బు కట్టకుండా రెండు వారాల దాకా మకాం వెయ్యనిస్తారు కాబట్టి కొలరాడోలో ఇలాంటి బళ్లు అడుగడుక్కీ కనిపిస్తాయి.

ట్రక్కు ఎంచుకున్నది మా ఆయన, గూడు ఎంచుకున్నది నేను. నిజం చెప్పాలంటే రెండుసార్లు ఎంచుకున్నాను.

మొదటిది ఆరువందల డాలర్లకు కొన్న పాతది. మాది టయోటా టకోమా, వెండి రంగు. ఆ గూడూ వెండి రంగే. ఆ రంగే మా కొంప ముంచింది. అమ్మినాయన టకోమాదే అన్నాడు. అబద్ధం చెప్పలేదు, కాకపోతే అది అంతకు ముందు మోడల్ టకోమాది. పేరు మారకపోయినా ట్రక్కులు కొన్నేళ్లకోసారి ఒళ్లు మార్చుకుంటాయి. తొట్టి అంచు వెడల్పు, మూలల వంపు, పొడవు అన్నీ అటూ ఇటూ అవుతాయి. లోపల్నుంచి క్లాంపులు బిగించేశాక చూస్తే క్యాబిన్ వైపు చిటికెన వేలు దూరేంత సందు. రబ్బరు పట్టీ అంటించి సరిపెట్టుకున్నాం.

మొదటి ప్రయాణంలో గంటన్నర మట్టి రోడ్డు. ఆగి వెనక తలుపు తీస్తే దిండ్ల మీద పసుపు చల్లినట్టు దుమ్ము. తప్పంతా ముందు సందుదే అనుకున్నాను గానీ, సగం పాపం తొట్టికి వెనక తలుపులా కిందికి వాలే టెయిల్‌గేటుది. పరుగెత్తే బండి వెనకాల గాలి పలచబడుతుంది. చక్రాలు లేపిన దుమ్మంతా అక్కడికొచ్చి సుడి తిరుగుతుంది, టెయిల్‌గేటు అంచుల్లో ఎక్కడ సందుంటే అక్కడ లోపలికి దూరుతుంది. పికప్ తొట్టిని కంపెనీవాళ్లు ఇసుకకీ ఇటుకలకీ చేస్తారు, మన పరుపుకి కాదు కదా. గూడు ఎంత ఖరీదైనదైనా సరే, టెయిల్‌గేటు చుట్టూ వేసే రబ్బరు సీలు విడిగా కొనుక్కోవాల్సిందే. వెనక తలుపు తెరిచి బండి నడపకూడదనేదీ ఇందుకే. దుమ్ము వచ్చిన దారినే సైలెన్సర్ పొగ వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

ఆ రాత్రి ఇంకోటి జరిగింది. మా ఆయన, బాబు టెంట్‌లో పడుకున్నారు. నేను గూట్లో. చలికి లోపల్నుంచి తలుపు లాక్కున్నాను, అది క్లిక్కుమని పడింది. తెల్లవారుజామున లేచి బయటికి రాబోతే పిడి లేదు. తలుపు తీసే పిడి బయట మాత్రమే ఉంది! ఆ గూడు సామాను కోసం చేసింది, సామాను లోపల్నుంచి తలుపు తియ్యదు. పక్క అద్దం జరిపి అరిస్తే బాబు కళ్లు నులుముకుంటూ వచ్చి తీశాడు. వాడు స్కూల్లో ఈ కథ ఇంకా చెబుతూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే దాన్ని అమ్మేసి కొత్తదానికి లెక్కలు మొదలుపెట్టాను. మొదట చూసింది డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు. మనుషులూ సామానూ కలిపి ఇంత బరువుకు మించకూడదని ప్రతి బండికీ దాని మీద అచ్చువేసి ఉంటుంది. మాదాని మీద 1,100 పౌండ్లు, అంటే సుమారు 500 కిలోలు. మేం ముగ్గురం 390 పౌండ్లు. గూడు 170. నీళ్లు, ఐస్ పెట్టె, పొయ్యి, పరుపులు, కట్టెలు కలిపి 250. ఇక మిగిలింది 290. మామయ్యగారు ఎక్కితే అందులో 150 పోతాయి. స్టీలు గూడు, దాని మీద ర్యాకు, ర్యాకు మీద టెంటు పెట్టించుకుందామని ఉబలాటపడుతున్న మా ఆయన ఈ లెక్క చూసి నోరు మూసుకున్నారు.

స్టీలు గట్టిదే, బరువూ అంతే. అల్యూమినియం తేలిక, చవక. కానీ మాది వడగళ్ల ఊరు. 2017 మే 8న డెన్వర్ మీద పడ్డ వడగళ్లకు బీమా నష్టమే 200 కోట్ల డాలర్లు దాటింది. పల్చటి అల్యూమినియం రేకు మీద పడ్డ ప్రతి వడగల్లూ సొట్ట మిగిల్చిపోతుంది. గుడ్డ గూళ్లు మడిచి దాచుకోవచ్చు గానీ తాళం వెయ్యలేం. ఫైబర్‌గ్లాస్ తీసుకున్నాను. మూడు వేల డాలర్లు దాటింది, తయారై రావడానికి రెండు నెలలు పట్టింది.

నేను ఎక్కువ తలపట్టుకున్నది ఎత్తు దగ్గర. క్యాబిన్‌తో సమంగా ఉన్న గూడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గాలికీ అడ్డం రాదు. దుకాణంలో అందరూ అదే తీసుకుంటారు. నేను ఇంట్లో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, తల మీద స్కేలు ఆనించి పెన్సిల్‌తో గీత గీయించుకున్నాను. నాది 33 అంగుళాలు, మా ఆయనది 37. క్యాబిన్ ఎత్తు గూడు బిగిస్తే తొట్టి అడుగు నుంచి పైకప్పుకు 40 వస్తోంది. నాలుగంగుళాల పరుపు వేస్తే 36. నేను కూర్చోగలను, ఆయన మెడ వంచాలి. కింద సామాను సర్దుకోవడానికి జానెడు ఎత్తు బల్ల వేశామా, ఇద్దరం పాకుతూనే బతకాలి. వాన పడే రాత్రి నిటారుగా కూర్చుని టీ తాగలేని చోట రెండో రోజు ఉండాలనిపించదు. అందుకే క్యాబిన్ కంటే బెత్తెడు పైకి లేచే రకం తీసుకున్నాను. మా గ్యారేజీ తలుపు ఏడడుగులు, దూరిపోతుంది.

పొడవు సంగతి అదృష్టం. మా తొట్టి ఆరడుగుల రకం, లోపల 73 అంగుళాలు. అయిదడుగుల తొట్టి ఉన్నవాళ్లు ఐమూలగా పడుకోవాలి, లేదా టెయిల్‌గేటు దించి కాళ్లు బయట పెట్టాలి.

పక్క అద్దాలు మొత్తంగా పైకి లేచేవి పెట్టించాను. లేకపోతే మూలనున్న ఉల్లిపాయ కోసం కూడా మోకాళ్ల మీద పాకాలి. ముందు అద్దం కిందికి వాలేది అడిగాను. క్యాబిన్ అద్దానికీ గూడు అద్దానికీ మధ్య పేరుకున్న మట్టి తుడవాలంటే చెయ్యి దూరే మార్గం అదొక్కటే. వెనక తలుపుకి లోపల పిడి ఉందో లేదో మూడుసార్లు అడిగితే అమ్మే కుర్రాడు నవ్వాడు. క్యాబిన్ మీదుండే మూడో బ్రేకు లైటును గూడు కప్పేస్తుంది కాబట్టి గూడుకే ఒకటి వస్తుంది. 1994 మోడళ్ల నుంచి పికప్‌లకు అది తప్పనిసరి. వైరు కలిపారో లేదో దుకాణం వదలక ముందే బ్రేకు తొక్కి చూసుకున్నాం.

ఇన్ని చూసిన నేను ఒకటి చూడలేదు. అది మామయ్యగారు పట్టుకున్నారు.

జూన్‌లో ఆయన్ని గ్రేట్ శాండ్ డ్యూన్స్‌కి తీసుకెళ్లాం. ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తయిన ఇసుక దిబ్బలు, సముద్రమట్టానికి 2,500 మీటర్లు, వేసవిలోనూ వణికించే రాత్రులు. ఆయన్ని గూట్లో పడుకోబెట్టి, చలి తగలకూడదని అద్దాలన్నీ బిగించాను. పొద్దున టీ ఇవ్వబోతే లోపలి అద్దాలన్నిటి మీదా నీళ్లు కారుతున్నాయి, దుప్పటి అంచులు చెమ్మగిల్లాయి.

"గూడు కారుతోందా మామయ్యగారూ?" అన్నాను.

"కారడం కాదమ్మాయ్, నా ఊపిరే ఇది. ఎడ్లబండి గూడు ముందూ వెనకా తెరిచే ఉంటుంది కదా. నువ్వు నన్ను డబ్బాలో పెట్టి మూత పెట్టావు" అన్నారు.

నిద్రలో మనిషి ఊపిరితో, ఒంటి మీంచి వదిలే తేమ రాత్రికి గ్లాసెడు దాకా ఉంటుంది. చల్లటి అద్దం తగిలితే అది మళ్లీ నీరవుతుంది. పైకప్పుకు లోపల అంటించే కార్పెట్ గుడ్డ కొంత పీల్చుకుంటుంది గానీ, గాలి అటు నుంచి ఇటు పారాల్సిందే. మర్నాటి రాత్రి ముందు అద్దం, వెనకవైపు పక్క అద్దం రెండేసి వేళ్లు తెరిచి, దోమల జాలీ వేసి, ఇంకో రజాయి ఇచ్చాను. పొద్దున అద్దాలు పొడిగా ఉన్నాయి. చలికి తట్టుకోలేక లోపల గ్యాసు పొయ్యి వెలిగించేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చచ్చినా చెయ్యకండి.

మీరు గూడు కొనడానికి వెళ్తే ఒక చాప చంకన పెట్టుకెళ్లండి. షోరూములో బిగించి ఉన్న దాంట్లో పరుచుకుని పడుకోండి, లేచి కూర్చోండి, తలుపు వెయ్యమనండి, మీ చేత్తో మీరే తీసుకుని బయటికి రండి. రంగు సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు.