పెట్రోలు మానిన పడవ

పెనుగొండ పరిసరాలలో కాలువ నీరు వరిచేలకు మాత్రమే చెందినది కాదు. గోదావరి పశ్చిమ డెల్టాలోని అనేక గ్రామాలవారు, వేసవిలో కాలువలు కట్టివేయకముందే, ఆ నీటితో మంచినీళ్ల చెరువులు నింపుకొంటారు. సముద్రపు దిక్కుగా పోయినకొద్దీ బావినీరు ఉప్పబడుతుంది గనుక ఆ చెరువే వారికి ఆధారం. అటువంటి నీటిమీద పెట్రోలు ఇంజనుతో ఆటపడవను వదలడం ఎంతవరకు సమంజసం? ఇంజనును ఊడదీసి ఆ స్థానంలో విద్యుత్ మోటారు బిగిస్తే ఏమవుతుంది?

ఆటపడవ అన్నంత మాత్రాన దీనిని చులకన చేయరాదు. ఈ తరగతి పడవలు నాలుగడుగులకు మించి ఉంటవి. కడుపులో 26 ఘన సెంటీమీటర్ల టూ స్ట్రోక్ ఇంజను. దాని బలం సుమారు మూడు హార్స్ పవర్. గట్టుమీద నిలిచినవాని చేతిలోని రేడియో పెట్టె ఆజ్ఞాపిస్తే, పడవలోని చిన్న సర్వో మోటార్లలో ఒకటి చుక్కానిని, మరొకటి కార్బురేటరును కదలిస్తవి. టూ స్ట్రోక్ ఇంజనులో కందెన నూనెను పెట్రోలులోనే కలపవలె. పాత పద్ధతి ఇంజనులలో కొత్తగా లోనికి వచ్చిన ఆవిరి కొంత మండకుండానే పొగతోపాటు బయటపడుతుంది. నీటిమీద రంగురంగుల తెట్టుగా తేలేది ఆ నూనెయే.

విచిత్రమేమంటే, రేడియో పడవ పుట్టినది పెట్రోలుతో కాదు. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా జనుల ఎదుట నడిపించిన మొదటి రేడియో పడవ బ్యాటరీతో నడిచినదే. అంతకు ఆరు దశాబ్దాల ముందే, 1838లో, జాకొబీ అనే శాస్త్రజ్ఞుడు రష్యాలోని నేవా నదిమీద మనుషులను ఎక్కించుకొని విద్యుత్ పడవ నడిపినాడు. కనుక మోటారు బిగించడమంటే పడవను పుట్టింటికి పంపడమే.

మరి పెట్రోలు నడుమ ఎందుకు వచ్చినది? కిలో పెట్రోలులో ఇంచుమించు 12,000 వాట్ గంటల శక్తి ఉన్నది. కిలో లిథియం బ్యాటరీలో రెండు వందలకు లోపే. ఈ తేడా చూచి ఎవరైనా నిరుత్సాహపడవచ్చు. కాని చిన్న ఇంజను ఆ శక్తిలో ఆరవవంతునైనా షాఫ్టుకు అందించలేదు. తక్కినది వేడిగా పోతుంది. మంచి మోటారు నూటికి 85 పాళ్లు అందిస్తుంది. అప్పుడు అరవై డెబ్బై రెట్ల తేడా పన్నెండు రెట్లకు దిగుతుంది. అయినా తక్కువేమీ కాదు. నిదానంగా పోయే పడవకు ఇది పెద్ద చిక్కు కాదు: కేరళలో వైక్కం రేవునుండి 75 మందిని దాటించే ‘ఆదిత్య’ 2017 నుండి సూర్యశక్తితో నడుస్తున్నది. పరుగుపందెపు పడవ సంగతి వేరు.

మూడు హార్స్ పవర్ అంటే సుమారు 2,240 వాట్లు. మోటారులో పోయే నష్టం కలుపుకొంటే బ్యాటరీ ఇవ్వవలసినది 2,600 వాట్లు. 22 వోల్టుల బ్యాటరీ అయితే దాదాపు 120 ఆంపియర్లు ప్రవహించవలె. అటువంటివి రెండు వరుసగా కలిపి 44 వోల్టులు చేస్తే 60 ఆంపియర్లు చాలును. తీగెలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది గనుక, ప్రవాహం సగమైతే వేడి నాలుగవవంతు అవుతుంది. తరగతి గదిలో నల్లబల్లమీద వ్రాసిన సూత్రం ఇక్కడ పడవను కాలిపోకుండా కాపాడుతుంది. 5 ఆంపియర్ గంటల బ్యాటరీలు రెండు పెడితే పూర్తి వేగంతో ఐదు నిమిషాల పరుగు, అంతే. పెట్రోలు తరుగుతున్నకొద్దీ పడవ తేలికవుతుంది. ఖాళీ అయిన బ్యాటరీ బరువు మాత్రం తగ్గదు. అందుచేత వాటిని ఇరుపక్కలా సమంగా, పాత ఇంజను బరువు నిలిచిన చోటికి సరిపడేటట్లు అమర్చవలె. ముందుకు జరిగితే ముక్కు నీటిలో దిగుతుంది. వెనుకకు జరిగితే పడవ మొన గాలిలోకి లేస్తుంది.

ఇంజనుకు గాలి కావలె గనుక మూతకు రంధ్రం తప్పదు. మోటారుకు ఆ అవసరం లేదు. మూతను నీరు చొరకుండా బిగించవచ్చు. అయితే లోపలి వేడి పోయే దారి మూసుకుపోతుంది. వెనుకటి ఇంజనును చల్లబరచిన నీటి గొట్టాన్నే ఇప్పుడు మోటారు చుట్టూ, వేగాన్ని అదుపుచేసే కంట్రోలరు గుండా తిప్పవలె.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం గుర్రపుడెక్క. డెల్టా కాలువలలో దీని బెడద ఎరుగనివారు లేరు. దాని వేళ్లు ప్రొపెల్లరుకు చుట్టుకొంటే పెట్రోలు ఇంజను ఆగిపోతుంది. నష్టం అంతటితో సరి. మోటారుకు ఆ తెలివి లేదు. తిరగలేకపోయినకొద్దీ ఎక్కువ విద్యుత్తును గుంజుకొంటుంది, క్షణాలలో తీగచుట్టలు కాలిపోవచ్చు. ప్రవాహానికి హద్దు విధించే అమరికను చాలామంది ఖర్చని మానుకొంటారు. ఈ నీళ్లలో అది లేని పడవను దింపకుండుటే మేలు. రేడియో సంకేతం తెగినప్పుడు మోటారు తనంతట ఆగేటట్లు కూడా ముందే కుదర్చవలె. ఇంజను వేగం అందుకొన్న మీదటగాని పూర్తి బలం చూపదు; మోటారు మొదటి చుట్టులోనే చూపుతుంది. ఒక్కసారిగా వదలితే మెలితీగె వంటి షాఫ్టు తెగగలదు. అందుకని మెల్లగా బయలుదేరేటట్లు కంట్రోలరును సరిచేయవలె.

మొదటి పరీక్షకు పడవను విడిచిపెట్టరు. దాని వెనుకభాగానికి తాడు కట్టి, గట్టున గట్టి గుంజకు బిగిస్తారు. ఒకప్పుడు ఈ కాలువలలో సరుకుపడవలను మనుషులు గట్టుమీద నడుస్తూ తాళ్లతో లాగేవారు. ఇక్కడ తాడు పని పడవను ఆపడం. అర నిమిషం మోటారు తిప్పి, ఆపి, మూత తీసి, తీగెలను, కంట్రోలరును వేలితో తాకి చూస్తారు. వేలు నిలువలేనంత వేడి ఉన్నదంటే చిన్న ప్రొపెల్లరు మార్చి మళ్లీ తాడు కడతారు.