లేత్‌పై తొలి పని... ఇత్తడి గుండు!

బీటెక్‌ మెకానికల్‌ చదివారా? అయితే లేత్‌ ముందు నిలబడే ఉంటారు. నడిపారా అంటే మాత్రం చాలామంది దిక్కులు చూస్తారు. ల్యాబ్‌లో మిషన్‌ చుట్టూ అయిదారుగురు ఉంటే ఒకరే హ్యాండిల్‌ తిప్పుతారు, మిగతావాళ్లు రికార్డు నింపుతారు. రేపు ఇంటర్వ్యూలో ‘25 ఎంఎం రాడ్‌కి స్పీడ్‌ ఎంత పెడతావ్‌?’ అనడిగితే నీళ్లు నమలాల్సిందే.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. సింగిల్‌ ఫేజ్‌ కరెంటుతో నడిచే మినీ లేత్‌లు 40 కిలోలకు అటూఇటూ ఉంటాయి. గట్టి టేబుల్‌ చాలు. కాకపోతే బైకు కొన్నంత ఖర్చు. నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కోవడం నయం.

ఏం చేయాలి మరి? యూట్యూబ్‌ చూసి స్టీమ్‌ ఇంజిన్‌ జోలికి వెళ్లకండి. నా ఓటు తూకం గుండుకే. తాపీమేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి వేలాడదీస్తారే, అదే. ఫేసింగ్‌, టర్నింగ్‌, డ్రిల్లింగ్‌, టేపర్‌... నాలుగూ ఇందులో వచ్చేస్తాయి.

25 ఎంఎం ఇత్తడి రాడ్‌ 62 ఎంఎం ముక్క తీసుకోండి. ఇనుము కంటే ఇత్తడి మెత్తగా తెగుతుంది. హెచ్‌ఎస్‌ఎస్‌ టూల్‌తో నిమిషానికి 60 మీటర్ల కటింగ్‌ స్పీడ్‌ అనుకుంటే, వెయ్యితో హెచ్చించి, 3.14తోనూ 25తోనూ భాగించండి. దాదాపు 760 ఆర్‌పీఎం. అదే మైల్డ్‌ స్టీల్‌ అయితే 25 మీటర్లే, అంటే 320 చాలు. ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు ఇదే!

ముందు ఒక కొస ఫేసింగ్‌ చేసి, సెంటర్‌ డ్రిల్‌ వేసి, దారం కోసం సన్నటి రంధ్రం చేయండి. అదే బిగింపులో 30 ఎంఎం పొడవున 24 ఎంఎంకి టర్నింగ్‌ చేసేయండి. మధ్యలో చక్‌ విప్పితే రంధ్రం ఒకచోట, గుండు నడుము ఇంకోచోట అవుతాయి. ఇప్పుడు తిప్పి బిగించండి. దవడల గాట్లు పడకుండా కూల్‌డ్రింక్‌ టిన్‌ రేకు చుట్టండి. డయల్‌ గేజ్‌ పెట్టి, ముల్లు ఊగకుండా సరిచేసుకోండి. విసుగొచ్చేది ఇక్కడే, పనితనం తెలిసేదీ ఇక్కడే.

రెండో కొస కూడా ఫేసింగ్‌ చేసి మొత్తం పొడవు 60 ఎంఎంకి తెచ్చాక, మొన కోసం కాంపౌండ్‌ స్లయిడ్‌ తిప్పాలి. సగం వ్యాసం 12, పొడవు 30. భాగిస్తే 0.4, అంటే 21.8 డిగ్రీలు. టూల్‌ కొన సరిగ్గా సెంటర్‌ ఎత్తులో లేకపోతే చివర చిన్న బుడిపె మిగిలిపోతుంది.

పూర్తయ్యాక దారం పక్కకు జారకుండా, లోపలి ముడి ఇరుక్కునేలా పక్కనుంచి కాస్త పెద్ద రంధ్రం వేసి ముడివేయండి. బరువు 150 గ్రాములకు కాస్త అటూఇటూ తూగుతుంది. దారాన్ని వేళ్లతో మెలిపెట్టి వదలండి. మొన ఒకేచోట తిరిగితే పాసయ్యారు. సున్నాలు చుడితే బిగింపు తేడా వచ్చినట్టే.

చక్‌ కీ మాత్రం చేతిలో ఉండాలి, లేదంటే టేబుల్‌ మీద. చక్‌లో వదిలేసి స్విచ్‌ వేస్తే అది తూటాలా ఎగిరొస్తుంది. చేతికి గ్లౌజులు వద్దు, మిషన్‌ లోపలికి లాగేస్తుంది. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, వదులు జుట్టు, చేతి కంకణం... అన్నీ ప్రమాదమే. కళ్లద్దాలు తప్పనిసరి. లోహపు పొట్టును బ్రష్‌తోనే తీయండి, అదీ మిషన్‌ ఆపాక.

కొనే స్తోమత లేదా? హైదరాబాద్‌ బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేత్‌ షాపులకు కొదవ లేదు. టర్నర్‌ ట్రేడ్‌ రెండేళ్లు చదివిన ఐటీఐ కుర్రాడి పక్కన నాలుగు ఆదివారాలు నిలబడండి. మీ డిగ్రీ పక్కన పెట్టి ‘అన్నా, ఇదెలా?’ అనడగండి, చాలావరకు కాదనరు. ఇత్తడి ముక్క మీరే తీసుకెళ్లండి, కాస్త పొడుగ్గానే. మిగిలిన దాంతో బొంగరం చేసుకోవచ్చు.