ఒకే పెట్టెలో సీడీ ప్లేయరా? వేరుగా కన్వర్టరా?



వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, కథలు, సామెతలు, జోకులు ఎలాగూ ఉంటాయి. మేము మాత్రం ఈసారి ఒక వస్తువు గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాం. గోపాల్‌పేట హాస్టల్‌లో చదివి వెళ్లిన వాళ్లం కలిసి హాస్టల్‌కు పాటల సెట్టు ఒకటి కొనివ్వాలని అనుకున్నాం. చందా ఇచ్చిన వారిలో ఉద్యోగస్తులు తక్కువ. ముంబయిలో, హైదరాబాదులో మేస్త్రీల కింద పనిచేస్తూ రెండు రోజుల కూలి పంపిన వారు ఎక్కువ. అటువంటి డబ్బును ఖర్చు పెట్టేటప్పుడు ఒక్క రూపాయి కూడా వృథా పోరాదు. అన్నీ ఒకే పెట్టెలో ఉన్న సీడీ ప్లేయర్ కొనాలని మాలో కొందరు, శబ్దాన్ని మార్చే కన్వర్టర్‌ను విడిగా కొనాలని మరికొందరు అన్నారు. ఏది మంచిదో తేలాలంటే ముందుగా లోపల జరిగే పని అర్థం కావాలి కదా!

సీడీలో ఉండేవి అంకెలు

సీడీ ప్లేయర్ 1982 అక్టోబరులో జపాన్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. 12 సెంటీమీటర్ల ఆ బిళ్ల మీద కంటికి కనిపించని చిన్న చిన్న గుంటలు ఉంటాయి. లేజర్ కిరణం వాటిని చదివి అంకెలుగా అందిస్తుంది. ఒక్క సెకను పాటను 44,100 ముక్కలుగా కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒకదానిగా రాస్తారు. దీన్నే 16 బిట్లు అంటారు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే శబ్దాన్ని తిరిగి పూర్తిగా నిర్మించవచ్చన్నది శాస్త్రం. అందుకే ఆ 44,100.

అయితే సౌండ్ బాక్సుకు అంకెలు అర్థం కావు. దానికి ఎక్కుతూ దిగుతూ ఉండే కరెంటు కావాలి. అంకెలను కరెంటు అలగా మార్చేదే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. దాన్ని పొట్టిగా డాక్ అంటారు. ఇది లేకుండా ఏ సీడీ ప్లేయరూ పాడదు. మీ ఇంట్లోని ఫోన్‌లోనూ, బ్లూటూత్ స్పీకర్‌లోనూ కూడా ఇది ఉంటుంది. కాబట్టి కన్వర్టర్ కావాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. అది లోపల ఉండాలా, బయట ఉండాలా అన్నదే ప్రశ్న.

ఉమ్మడి కుటుంబం

ఒకే పెట్టెలో మోటారు, లేజర్, కన్వర్టర్ అన్నీ ఉన్న ప్లేయర్ ఉమ్మడి కుటుంబం వంటిది. కలిసి ఉంటే కలదు సుఖం అన్నట్టు ఇందులో సుఖాలు ఉన్నాయి. వైర్లు తక్కువ. ఒక బటన్ నొక్కితే చాలు, ఆరో తరగతి పిల్లవాడు కూడా నడపగలడు. పెట్టెలు, ప్లగ్గులు ఎక్కువయ్యేకొద్దీ సౌండ్ బాక్సుల్లో గుయ్‌మనే శబ్దం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ.

ఇంకొక సూక్ష్మమైన లాభం ఉంది. అంకెలు సరిగ్గా ఉంటే చాలదు, అవి సమయానికి కూడా రావాలి. కోలాటంలో కర్ర సరైన చోటనే తగిలినా క్షణం ఆలస్యమైతే ఆట చెడుతుంది కదా! ఒకే పెట్టెలో తాళం వేసే గడియారం కన్వర్టర్ పక్కనే ఉండవచ్చు. విడి పెట్టె అయితే వైరు మీద వచ్చే అంకెల నుండే తాళాన్ని పట్టుకోవాలి. నేటి మంచి కన్వర్టర్లు ఈ పనిని బాగానే చేస్తాయి.

ఉమ్మడి కుటుంబానికి చిక్కు కూడా ఉంది. ప్లేయర్‌లో ముందుగా అరిగేవి తిరిగే భాగాలు, లేజర్ కన్ను. ఆ కన్ను మసకబారితే, లోపలి కన్వర్టర్ ఎంత మంచిదైనా పెట్టె మొత్తం మూలన పడుతుంది.

వేరు కాపురం

విడి కన్వర్టర్‌లో తిరిగే భాగం ఏదీ లేదు కనుక అరుగుదల తక్కువ. ఒకవైపు డీవీడీ ప్లేయర్, మరొకవైపు కంప్యూటర్, వీలుంటే టీవీ కూడా దానికి కలపవచ్చు. సీడీ చదివే యంత్రం పాడైతే దాన్ని ఒక్కదాన్నే మార్చుకుంటే సరిపోతుంది. ఈ రోజుల్లో కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ పెట్టే చోటే ఉండడం లేదు. పాఠమైనా పాటైనా ఎక్కువగా ఫోన్ నుండే వస్తోంది.

కాని కొనేముందు రెండు సంగతులు చూడాలి. మొదటిది, ప్లేయర్ వెనుక డిజిటల్ అవుట్ అనే రంధ్రం ఉందా లేదా అన్నది. అది లేకపోతే విడి కన్వర్టర్‌ను ఆ ప్లేయర్‌కు తగిలించడానికి దారి లేదు. రెండవది, కన్వర్టర్ మంత్రదండం కాదు. ఎంపీత్రీ పాటలో తగ్గించేసిన వివరాలను అది తిరిగి తేలేదు. గుడ్డ చిరిగిన సౌండ్ బాక్సును బాగుచేయలేదు.

అట్ట మీది అంకెలు చూసి మోసపోరాదు

బిట్లు ఎక్కువ రాసి ఉన్నంత మాత్రాన శబ్దం గొప్పగా ఉండదు. ఫిలిప్స్ కంపెనీ తన తొలి ప్లేయర్లలో 14 బిట్ల చిప్పులే వాడింది. అంకెలను నాలుగు రెట్ల వేగంతో నడిపించి 16 బిట్లకు దీటైన ఫలితం రాబట్టింది. చిప్పు కన్నా దాన్ని వాడిన తెలివి ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఎలా తేల్చాలి? ల్యాబులో నేర్చుకున్న పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. రెండు యంత్రాలను గుడ్డతో కప్పాలి. రెండింటి ధ్వనిని సమానం చేయాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది. ఒకరు మారుస్తూ ఉంటే మిగతావారు చీటీల మీద రాయాలి. పరీక్షకు వాన పాట వంటి హోరు పనికిరాదు, తీగ మోగే పాట కావాలి. మన పొరుగు నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు 12 మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కిన్నెర తీగ మోగి మెల్లగా ఆగిపోయే చివరి క్షణం దాకా వినండి. తేడా ఉంటే అక్కడ తెలుస్తుంది. చీటీలు కలవకపోతే తేడా లేనట్టే, తక్కువ ధరది తీసుకోవచ్చు.

మన హాస్టల్‌కు ఏది?

మన దగ్గర ఉన్నవేమిటో లెక్క చూసుకున్నాం. ఇంగ్లీషు ఉచ్చారణ పాఠాల సీడీలు కొన్ని ఉన్నాయి. మా సీనియర్లు తమ ఊళ్లలో అవ్వలతో పాడించి దాచిన బతుకమ్మ పాటల సీడీలు కొన్ని ఉన్నాయి. ఆ అవ్వల్లో కొందరు ఇప్పుడు లేరు. వారికి చదువు రాదు, ఫోటోలు కూడా అంతగా లేవు. వారి గుర్తుగా మిగిలింది ఆ గొంతే. ఇంట్లో రాసిన సీడీలు ఎండకు, వేడికి త్వరగా చెడిపోతాయి. మన పాలమూరు ఎండలు మీకు చెప్పాలా!

అందుకని మేము ఈ వరుసకు వచ్చాం. మొట్టమొదట ఆ సీడీలన్నిటినీ, ఏమీ కుదించకుండా, కంప్యూటర్‌లోకి ఎక్కించి రెండు వేరువేరు చోట్ల దాచాలి. దీనికి ఖర్చు దాదాపు లేదు. తరువాత, చందాలో పెద్ద వాటా మంచి సౌండ్ బాక్సులకు, ఆంప్లిఫైయర్‌కు పెట్టాలి, ఎందుకంటే చెవికి తెలిసే తేడా ఎక్కువగా అక్కడే ఉంటుంది. హాస్టల్‌లోని పాత డీవీడీ ప్లేయర్‌కు డిజిటల్ అవుట్ ఉంది, దాని కన్ను ఇంకా పనిచేస్తోంది. కనుక ఒక చిన్న విడి కన్వర్టర్ తీసుకుంటే సీడీకీ, కంప్యూటర్‌కూ అదే సరిపోతుంది. ఆ ప్లేయర్ లేకపోయి ఉంటే, బయటి డిజిటల్ వైరు తగిలించే వీలున్న ఒకే పెట్టె ప్లేయర్‌ను కొనమనేవాళ్లం.

తమ్ముళ్లారా, మా ఇళ్లలో డిగ్రీ చూసిన మొదటి తరం మేమే. దుకాణంలో సేల్స్‌మన్ పెద్ద పెద్ద మాటలు చెబుతుంటే మన అమ్మానాన్నలు తలూపి వచ్చేవారు. మీరు తలూపకండి. లోపల ఏముంది, ముందు ఏది పాడవుతుంది, మనకు కావలసింది ఏమిటి అని మూడు ప్రశ్నలు అడగండి. చదువుకున్న చదువు పరీక్ష హాలుతోనే ఆగిపోకుండా, కూలి చేసి పంపిన ఒక్కో రూపాయికీ కాపలా కాయాలని మా కోరిక.